సరిహద్దు కబుర్లు: తంబూరకూ గిటారుకూ చుట్టరికం

"మావాడు పుస్తకం పక్కన పెట్టి బ్యాండు, బ్యాండు అంటున్నాడు. ఆ గోల సంగతి మీ శీర్షికలో కాస్త రాయకూడదా?" అని చిక్కబళ్ళాపురం నుంచి ఒక సోదరి అడిగారు. బాగేపల్లి నుంచి ఒక పెద్దాయన ఇంకొంచెం ఘాటుగా, "మన సంఘం పత్రికలో త్యాగరాజ ఆరాధన గురించి చదువుకునేవాళ్ళం. ఈ రాక్ మ్యూజిక్ మన గడప దాకా ఎట్లా వచ్చిందండీ?" అన్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఈసారి కబుర్లు వాటి గురించే.

ముందు ఒక మాట. బ్యాండు అంటే పెళ్ళి ఊరేగింపు ముందు ఎర్ర కోట్లు వేసుకుని నడిచే మేళం కాదు. నలుగురైదుగురు కుర్రవాళ్ళు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని సొంతంగా పాట కట్టుకుని, వాళ్ళే వాయించి, వాళ్ళే పాడే బృందం. రికార్డు కంపెనీ ఏదీ వాళ్ళతో ఒప్పందం రాసుకోలేదు. సినిమావాళ్ళు పిలవలేదు. ఖర్చంతా వాళ్ళ జేబులోదే, అంటే చాలాసార్లు మన జేబులోదే. ఇటువంటి బృందాలు బెంగళూరులో చాలాకాలంగా ఉన్నాయి. 1996లో మొదలైన 'థర్మల్ అండ్ ఎ క్వార్టర్' వాటిలో ఒకటి. ఆ పేరు వెనక తమాషా ఉంది. మొదట చేరినవాళ్ళలో ముగ్గురు మలయాళీలు, ఇంకొకరు పావువంతు మలయాళీ అట!

బెంగళూరులో పుట్టిన ఏ గాలైనా ఇటు రావడానికి ఎంతసేపు? హైదరాబాదు రహదారి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి మీదుగానే పోతుంది. చింతామణి నుంచి బెంగళూరికి పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరే పిల్లలు ఎందరో. 2011 అక్టోబరు 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా బృందం వాయించినప్పుడు మన ఊళ్ళ నుంచి వెళ్ళిన అన్నలు ఉన్నారు. వాళ్ళు తెచ్చుకున్న నల్ల చొక్కాలు తమ్ముళ్ళకు వచ్చాయి. చొక్కాలతో పాటు పాటలూ వచ్చాయి.

చింతామణిలో మా వీధి చివర ఒక టమోటా గోదాము ఉంది. కాయ రాని నెలల్లో అది ఖాళీ. ఆ ఖాళీలో నలుగురు పిల్లకాయలు చేరారు. గిటారు వాయించేవాడి నాయన మండీలో పని చేస్తాడు. పాడేవాడిది బాగేపల్లి పక్క పల్లె. అడుగు శ్రుతి పలికే బేస్ గిటారు కుర్రవాడు చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. డ్రమ్ములు వాయించేవాడి ఇంట్లో మూడు తరాలుగా తమట కొడతారు. పేర్లు రాయను, వాళ్ళే వద్దన్నారు. "పేరు పాటకు రానీ సార్, తర్వాత మాకు రానీ" అన్నాడు పాడేవాడు. ఆ మాట నాకు నచ్చింది.

మొదటి ఏడాది వాళ్ళు చేసిందల్లా అనుకరణ. ఒకడికి మెటాలికా, ఒకడికి ఇళయరాజా, ఒకడికి రెహమాన్. ఇంగ్లీషు పాటలు అచ్చు దించాలని చూసేవారు. యాసతో సహా దించబోయి, 'లవ్' అనే మాటను ముక్కుతో పలికేవారు. వీధిలో పెద్దవాళ్ళు నవ్వేవారు. బెంగళూరులో ఒక పోటీకి వెళ్తే, "బాగుంది గానీ ఇది ఇదివరకే విన్నాం" అని పంపేశారు. నలుగురూ ముఖాలు వేలాడేసుకుని తిరిగి వచ్చారు.

అనుకరణ తప్పు కాదు. పాట నేర్చినవాళ్ళంతా అలాగే మొదలుపెట్టారు. లివర్‌పూల్ నుంచి వచ్చిన బీటిల్స్ కూడా మొదట్లో అమెరికా పాటలే పాడేవారు. 1960 ఆగస్టులో జర్మనీలోని హాంబర్గ్ వెళ్ళి, అక్కడి క్లబ్బుల్లో రాత్రికి గంటల కొద్దీ వాయించారు. 1962 జనవరి 1న డెక్కా కంపెనీ వాళ్ళను పరీక్షించి, ఆనక వద్దు పొమ్మంది. అదే ఏడాది అక్టోబరులో ఇంకో కంపెనీ వాళ్ళ మొదటి రికార్డు వేసింది. వద్దన్న రోజుకూ రికార్డు వచ్చిన రోజుకూ మధ్య పట్టుమని పది నెలలు లేవు. కానీ ఆ పది నెలల వెనక హాంబర్గ్ రాత్రులు ఎన్నో ఉన్నాయి.

అయితే సాధన ఒక్కటే చాలదు. తన గొంతు ఏదో తనకు తెలియాలి. అది ఎక్కడ దొరుకుతుంది? చాలాసార్లు మనకున్న కొరతలోనే దొరుకుతుందని నాకనిపిస్తుంది. బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రవాడు 1965లో రేకుల ఫ్యాక్టరీలో పని చేస్తూ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటం మనిషి, తీగలు నొక్కే చెయ్యి అదే. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. సన్న తీగలు కట్టుకున్నాడు. తరువాతి రికార్డుల్లో తీగలు వదులు చేసి శ్రుతి కూడా దించాడు. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బాత్ మొదటి రికార్డులో ఆ బరువైన నాదం విని ప్రపంచం ఉలిక్కిపడింది. మన పిల్లలు చెవులకు తగిలించుకునే 'హెవీ మెటల్' అంతా ఆ గాయపడిన వేళ్ళకు ఎంతో కొంత బాకీ.

మన గోదాము పిల్లలకు కొరత ఎక్కడ ఎదురైందో చెబుతాను. పాడేవాడి గొంతు పై శ్రుతి అందుకోదు. ఇంగ్లీషు పాటల్లో కేక పెట్టాల్సిన చోట దగ్గు వచ్చేది. ఒకనాడు వాళ్ళ అవ్వ ఇంటికి నలుగురూ భోజనానికి వెళ్ళారు. ఎనభై దాటిన మనిషి. ఏకాదశి భజనల్లో కైవారం తాతయ్య తత్వాలు పాడిన గొంతు. ముద్దా చారూ అయ్యాక ఆవిడ గోడకు ఆనుకుని, తంబూర మీటుతూ ఒక తత్వం ఎత్తుకుంది. గిటారు కుర్రవాడు ఊరుకుంటాడా? ఆవిడ తంబూర తీగలకు తన గిటారు కలపబోయాడు. కలవలేదు. ఆవిడ శ్రుతి కిందుంది. గిటారు తీగలు వదులు చేస్తూ, చేస్తూ అక్కడికి దించాడు. అప్పుడు తనకు అలవాటైన మెటల్ పట్టు ఒకటి పట్టి చూశాడు.

అది అతుక్కుపోయింది.

ఎందుకు అతుక్కుందో తెలుసుకోదగ్గ విషయం. రాక్ సంగీతంలో 'పవర్ కార్డ్' అనే పట్టు ఒకటుంది. ధ్వనిని కావాలనే చెదరగొట్టి మోగిస్తారు కాబట్టి, అందులో గాంధారం చేరిస్తే బురదగా వినబడుతుంది. అందుకని గాంధారం వదిలేసి షడ్జమం, పంచమం, పై షడ్జమం మాత్రమే పట్టుకుంటారు. ఇక మన తంబూర చూడండి. కట్టేది పంచమం, షడ్జమం. గాంధారానికి తీగ కట్టరు, ఏ గాంధారం పలకాలో పాడేవాడి ఇష్టం. రెండింటి సూత్రం ఒకటే. పునాది గట్టిగా వేసి, పైన రాగానికి చోటు ఖాళీగా ఉంచడం. మెటాలికా వాళ్ళదీ, మన అవ్వదీ ఒకే పునాది. "సార్, ఇన్నాళ్ళూ అవ్వ వాయిస్తా ఉండేదే మేం బెంగళూరికి పోయి నేర్చుకొచ్చినాం" అన్నాడు గిటారు కుర్రవాడు. వాడి కళ్ళు మెరవడం చూశాను.

అన్నట్టు, రాక్ సంగీతం కూడా పల్లెలోనే పుట్టింది. అమెరికాలో మిసిసిపీ పత్తి చేలలో నల్లజాతి కూలీలు పాడుకున్న 'బ్లూస్' దానికి మూలం. మడ్డీ వాటర్స్ అనే గాయకుడు 1943లో ఆ చేలు వదిలి షికాగో చేరి, అక్కడి రద్దీలో తన పాట వినబడాలని కరెంటు గిటారు పట్టాడు. ఆయన 1950 నాటి పాట ఒకదాని నుంచే 1962లో లండన్ కుర్రవాళ్ళు 'రోలింగ్ స్టోన్స్' అని పేరు పెట్టుకున్నారు. కూలి మనిషి పాటకు కరెంటు తగిలితే రాక్ అయింది. మరి మన చేలల్లో పాట లేదా? దానికి కరెంటు తగలకూడదా?

ఇక తాళం సంగతి. డ్రమ్ముల కుర్రవాడికి ఇంట్లో తమట ఉంది. చిత్తూరు వైపు దాన్నే పలక అంటారు. బెంగళూరు వెళ్ళినప్పుడు ఆ సంగతి దాచేవాడు. తమట అంటే ఊరేగింపులకు, చావులకు కొట్టేదని, కొట్టేవాళ్ళను దూరంగా నిలబెట్టే లోకం మనది. ఆ నొప్పి వాడిదే, మనం ఊహించుకోవాల్సిందే. 2023లో మన జిల్లా పిండిపాపనహళ్ళికి చెందిన తమట కళాకారుడు మునివెంకటప్పగారికి పద్మశ్రీ ప్రకటించారు. ఆ వార్త వచ్చిన వారం వాడు తమటను గోదాముకు తెచ్చాడు.

తెచ్చాక తెలిసింది, అది డ్రమ్ము లాంటిది కాదని. తమట చర్మాన్ని మంట దగ్గర కాచి బిగించాలి. గోదాములో మంట వేస్తే మండీ యజమాని ఊరుకోడు. బయట కాచి లోపలికి తెచ్చేసరికి, వాన రోజుల్లో మళ్ళీ జారిపోయేది. పైగా అది నడుస్తూ కొట్టే వాద్యం, అడుగును బట్టి వేగం మారుతుంది. గడియారం కొట్టినట్టు కొట్టడం దానికి పట్టదు. నాలుగు నెలలు తిప్పలు పడ్డారు. చివరికి తాళాన్ని గడియారం నుంచి విడిపించారు. మిగతా ముగ్గురూ తమట అడుగు చూసి వాయించడం నేర్చుకున్నారు. అప్పటి నుంచి వాళ్ళ పాట నిలబడి వాయించినట్టు ఉండదు, నడిచి వస్తున్నట్టు ఉంటుంది.

అసలు పేచీ మాట దగ్గర వచ్చింది. ఏ భాషలో పాడాలి? మన మూడు ఊళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఉద్యోగానికి ఇంగ్లీషు. మన తెలుగు వింటే హైదరాబాదువాళ్ళు నవ్వుతారు. మన కన్నడం వింటే మైసూరువాళ్ళు నవ్వుతారు. పాడేవాడు పుస్తకాల తెలుగులో నాలుగు పాటలు రాశాడు. బేస్ కుర్రవాడు అడిగాడట: "మాట్లాడేది ఒగటి, పాడేది ఇంగొగటి ఎందుకురా?" ఇంకొకడు, "తెలుగులో పాడితే ఇక్కడ ఎవురు పిలుస్తారు? కన్నడంలోనే కట్టుదాం" అన్నాడు. రెండు వారాలు మాటల్లేవు. బృందం చీలిపోతుందనుకున్నాం.

ఈ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరుందో చూడండి. చింతామణి తాలూకా కైవారంలో 1726లో పుట్టి, 1836లో సమాధి చెందారని చెప్పే యోగి నారేయణులు, మన కైవారం తాతయ్య. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన వ్యాపారి. ఏ రాజు కొలువులోనూ లేరు. గురువు ఇచ్చిన గులకరాయి నోట్లో పెట్టుకుని, అది కలకండ అయ్యేదాకా జపం చేశారని కథ చెబుతారు. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ పాడారు. అమర నారేయణ శతకం, కాలజ్ఞానం, తత్వ కీర్తనలు మనకు మిగిలాయి. ఆయన తెలుగు కీర్తనలను మన ప్రాంతంలో కన్నడ లిపిలో అచ్చువేసుకుని పాడుకుంటారు. ఇందులో ఎవరికీ వింత కనబడదు. రెండు వందల ఏళ్ళ క్రితమే సరిహద్దు మనిషి రెండు నాలుకలతో ఒకే మనసు పలికాడు. ఏ భాషకూ ద్రోహం చేయలేదు.

ఈ సంగతి పిల్లలకు కొత్త కాదు, గురుపూర్ణిమకు కైవారంలో జరిగే సంగీతోత్సవానికి చిన్నప్పటి నుంచీ వెళ్ళినవాళ్ళే. కానీ అది దేవుడి సంగతి, ఇది బ్యాండు సంగతి అని విడివిడిగా పెట్టుకున్నారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత ఉండనే ఉంది కదా!

కన్నడ సోదరులు ఈ పని మనకంటే ముందే చేశారు. శిశునాళ షరీఫ్ (1819–1889) ముస్లిం ఇంట పుట్టి, గోవిందభట్టుల శిష్యుడై తత్వాలు పాడిన మహానుభావుడు. సి. అశ్వత్థ్ ఆ పాటలను ఇంటింటికీ చేర్చారు. 1990లో నాగాభరణ తీసిన సినిమా ఆయన కథను తెరకెక్కించింది. మైసూరు కుర్రవాడు రఘు దీక్షిత్ ఏళ్ళ తరబడి కంపెనీల చుట్టూ తిరిగి, 2008లో మొదటి ఆల్బమ్ తెచ్చాడు. షరీఫ్ తత్వాలను గిటారు మీద పాడి విదేశాల్లో కూడా చప్పట్లు కొట్టించాడు. కేరళలో 'అవియల్' బృందం అదే ఏడాది మలయాళంలో రాక్ ఆల్బమ్ తెచ్చింది. హైదరాబాదులో 'చౌరస్తా' బృందం రామ్ మిరియాల గొంతుతో 'ఊరెళ్ళిపోతా మామ' అని మామూలు మాటల్లో పాడితే తెలుగు పిల్లలంతా అందుకున్నారు. అంతకు ఎంతో ముందు, ఇళయరాజా కూడా అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి పాడి, వాయించి, ఆ పల్లె బాణీలతోనే 1976లో 'అన్నక్కిళి'తో సినిమాల్లో అడుగుపెట్టారు. వీళ్ళెవరూ ఇంటి పాటను అడ్డమనుకోలేదు.

చివరికి గోదాములో పేచీ ఇట్లా తీరింది. అవ్వ మాట్లాడే తెలుగులోనే పాట. 'ఉండాది', 'యాడికి', 'ఇంగొగటి' అన్నీ ఉంటాయి. నడుమ కన్నడ మాట వస్తే రానిస్తారు, చరణం మొత్తం కన్నడంలో వచ్చినా సరే. వాళ్ళు కట్టిన మొదటి సొంత పాట టమోటా ధర గురించి. లారీ బయలుదేరేటప్పుడు ఒక ధర, మండీ చేరేసరికి ఇంకో ధర. గిటారు కుర్రవాడి నాయన గోదాము గుమ్మం దగ్గర నిలబడి చివరిదాకా విన్నాడు. ఏమీ అనలేదు. మర్నాడు గోదాముకు కొత్త స్విచ్ బోర్డు పెట్టించాడు.

అయితే అంతా సుఖాంతం అనుకోకండి. బేస్ కుర్రవాడికి ఈ ఏడాది చదువు అయిపోతుంది. ఉద్యోగం హైదరాబాదులో అంటున్నారు. ఇంట్లో అప్పు ఉంది, వద్దనే హక్కు ఎవరికీ లేదు. అవ్వకు ఊపిరి ఆడటం లేదు, ఒక తత్వం పాడితే రెండు రోజులు పడుకుంటుంది. పుస్తకంలో మాట ఉంది గానీ ఆవిడ పాడే వరస పుస్తకంలో లేదు. అందుకని పిల్లలు ఆదివారాలు ఫోను పెట్టి ఆవిడ పాట పట్టుకుంటున్నారు. ఇప్పటికి పదకొండు తత్వాలు అయ్యాయి. ఇంకా ఎన్ని ఉన్నాయో ఆవిడకే తెలియదు, పాడుతుంటే గుర్తొస్తాయి.

పిల్లలకు నేను చెప్పింది రెండే. తత్వం మాటలు మార్చవద్దు, అర్థం తెలిసినవాళ్ళను అడిగిన తరువాతే వేదిక ఎక్కించండి. సొంత పాటలో మీ ఇష్టం, తాతయ్య పాటలో తాతయ్య ఇష్టం. వాళ్ళు ఒప్పుకున్నారు.

తల్లిదండ్రులకు చెప్పేది కూడా ఉంది. పరీక్షలు పరీక్షలే, దానికి వేళ పెట్టండి. కానీ పిల్లవాడి గదిలోంచి వచ్చే చప్పుడును ఒకసారి తలుపు తీసుకుని వెళ్ళి వినండి. వాళ్ళ మాట అచ్చంగా ఎవరిదో అరువు అయితే, "మన అవ్వ పాట విన్నావా?" అని అడగండి. ఇంట్లో తంబూర, కంజీర, చెక్కలు అటక మీద ఉంటే దించి దుమ్ము తుడవండి. కంపెనీ ఒప్పందం ఎప్పుడో రావచ్చు, రాకపోవచ్చు. ఇంటి ఒప్పందం మాత్రం మన చేతిలో ఉంది.

మన సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. ఉగాది తెలుగువారిదీ కన్నడిగులదీ కూడా. ఆ సాయంత్రం కార్యక్రమంలో ఈ పిల్లలకు అరగంట ఇవ్వండి. బేస్ కుర్రవాడు ఊళ్ళో ఉండగానే ఇవ్వండి. మైకు ఒకటి ఎక్కువ పెట్టించండి. వేదిక వెనక, పందిరికి దూరంగా, తమట కాచుకోవడానికి కాస్త ఎండుగడ్డి, అగ్గిపెట్టె సిద్ధంగా ఉంచండి. ముందు వరసలో అవ్వకు ఆనుకునే కుర్చీ ఒకటి వేయించండి.